వెండి గ్లాసు

"ఏటిది? ఎవరు పెట్టారిది ఇక్కడ?"

లోవమ్మ కేకలో వంటింటి కుక్కర్ కూత కలిసిపోయింది. హాల్లో చాప మీద ఇత్తడి పళ్లెం ఉంది. అందులో అరటిపళ్లు, తమలపాకులు, పసుపుకొమ్ములు, మల్లెదండ లక్షణంగా సర్ది ఉన్నాయి. వాటి మధ్య, అరటి అత్తానికి ఆనించి, ఎవరూ చూడకపోవడానికి వీల్లేకుండా ఒక నిరోధ్ పొట్లం ఉంది.

"నేనే పెట్టిన అత్తమ్మా," అంది కల్పలత వంటింటి గుమ్మంలో నిలబడి. చేతిలో కొత్తిమీర కట్ట ఉంది. కాడలు తుంచడం ఆపలేదు.

"నువ్వే! ఎంత తాపీగా సెప్తందో చూడండి! పసుపూ కుంకం పెట్టిన పళ్లెంలో ఏటి పెట్టకూడదో తెలీదా నీకు?"

"పొద్దున తలగడ కింద పెట్టిన. దుప్పటి మారుస్తున్నమని తీసి చెత్తబుట్టల ఏసిన్రు. అందుకే అందరికి కనపడే తాన పెట్టిన."

లోవమ్మ సరిగ్గానే ఉన్న మల్లెదండను మళ్లీ సర్దింది. దుప్పటి మార్చింది తనే, పొట్లం చెత్తబుట్టలో వేసి పైన ఉల్లిపొట్టు కప్పింది కూడా తనే. కోడలు ఉల్లిపొట్టు కెలుకుతుందని కలలో కూడా అనుకోలేదు పాపం.

"సూరీ! నీ పెళ్లానికి నువ్వైనా చెప్పరా!"

సూరి కిటికీ పక్క ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని సెల్లు ఫోనులో పాము ఆట ఆడుతున్నాడు. పాము గోడకు కొట్టుకుంది. మళ్లీ మొదలుపెట్టాడు.

మూడేళ్ల కిందట రిజిస్ట్రారు ఎదుట సంతకాలు పెట్టి ఒక్కటైన జంటకు ఇప్పుడు శోభనమేమిటని మీకు నవ్వు రావచ్చు. పై వాటా కాంతమణికీ వచ్చింది. పిండి జల్లెడ కావాలని ఒకసారి, అది తిరిగి ఇవ్వడానికి ఇంకోసారి దిగివచ్చి, కళ్లనిండా చూసి వెళ్లింది. లోవమ్మకు మాత్రం ఇందులో నవ్వే లేదు. ముహూర్తం లేకుండా కాపురం మొదలుపెట్టారు, అందుకే ఆ పాడు నొప్పి సూదులు అలవాటయ్యాయి, అందుకే కోడలు మాన్పించే ఆస్పత్రి పాలైంది, అందుకే ఇంతవరకు కడుపు పండలేదు. ఆవిడ లెక్క అది. పంతులేమో సాయంత్రం గోధూళి వేళ ఇద్దరినీ పీటల మీద కూర్చోబెట్టి, ఒక్క గ్లాసులో పాలు తాగించమన్నాడు. మొగుడు సగం తాగాలి, మిగిలిన సగం పెళ్లాం తాగాలి. ఏడాది తిరిగేలోగా మనవడు ఒళ్లో ఉంటాడని కూడా అన్నాడట. ఆ మాట విన్నప్పటి నుంచి లోవమ్మ కాళ్లు నేల మీద లేవు.

"పొట్లం తియ్యి," అంది లోవమ్మ, ఈసారి నెమ్మదిగా. ఆవిడ నెమ్మదిగా మాట్లాడితేనే భయం.

"తియ్య. అది ఉంటే గదిలకు పోత. లేకుంటే గీ హాల్లనే చాప ఏసుకొని పండుకుంట. మీకు ఏది మంచిగనిపిస్తే అది చెయ్యుర్రి."

కల్పలత కొత్తిమీర గిన్నెలో పడేసి, గ్లాసులు కడుగుదామని గట్టు మీదికి చెయ్యి చాపింది. అక్కడ విడిగా, చిన్న గూట్లో, వెండి గ్లాసు బోర్లించి ఉంది.

"అది ముట్టుకోకు!" లోవమ్మ ఒక్క అంగలో వచ్చి చెయ్యి తోసేసింది. "ఎన్నిసార్లు సెప్పాలి? అది సూరిది. తలుపులమ్మ తల్లికి మొక్కుకుని వాడికి తీసింది. నేనే కడుగుతాను."

ఆ గ్లాసును లోవమ్మే మరిగే నీళ్లతో కడిగేది, తన చేత్తోనే గూట్లో పెట్టేది. దాని పక్కనే సూరి కంచం కూడా విడిగా ఉండేది. ఆస్పత్రి నుంచి వచ్చిన కోడలి చెయ్యి కొడుకు కంచానికి తగలకుండా అత్త చేసిన ఏర్పాటని కల్పలతకు తెలుసు. తెలిసి ఊరుకుంది. రోషం లేక కాదు. ఒకరోజున అన్నిటికీ కలిపి ఒక్కసారే అడుగుదామని.

*

పాలు యాప్రాల్ నుంచి వచ్చాయి. కల్పలత తల్లి బుచ్చమ్మ తన బర్రె పాలు క్యానులో పట్టుకుని ఆటో దిగింది. చుట్టూ పొలాలన్నీ ప్లాట్లయి, సాఫ్ట్‌వేర్ వాళ్ల ఇళ్లు లేస్తున్నా బుచ్చమ్మ బర్రెల్ని అమ్మలేదు. చెప్పులు విప్పీ విప్పకముందే లోవమ్మ ఆమె చెయ్యి పట్టుకుని పళ్లెం దగ్గరికి లాక్కెళ్లింది.

"చూడండి వదినగారూ, మీ అమ్మాయి పెట్టిన తాంబూలం చూడండి!"

బుచ్చమ్మ చూసింది. ఏమిటో అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, కూతుర్ని వంటింట్లోకి తోసి తలుపు దగ్గరికి వేసింది.

"ఏందే గిది? ఇజ్జత్ మొత్తం తీస్తివి గదనే! మీ మామ సుత ఉన్నడు ఇంట్ల!"

"ఉండనీ. ఆయనకు ఎర్క లేదా, పిల్లలెట్ల పుడ్తరో?"

"నోర్ముయ్! మొగని తోని పండుకుంటానికి గా పొట్లమెందుకే? అది బజార్ల తిరిగేటోళ్లకు. మొగుడంటే మొగుడే. మొగన్ని గిట్ల అనుమానిస్తరా ఎవరన్న?"

"అమ్మా, ఒకటడుగుత చెప్పు. నాయిన తిన్నాక నువ్వే కంచంల తింటవ్?"

"గా ముచ్చట ఇప్పుడెందుకు?"

"చెప్పు జెర."

"ఆయన తిన్న తలెలనే తింట. లగ్గమైన కాడికెళ్లి గంతే. ఎంగిలైతే ఏమాయె, మొగని ఎంగిలి ఎంగిలా?"

"గదే అమ్మా. గట్లనే నేను సూది ఏసుకున్న."

బుచ్చమ్మ చేతిలోని క్యాను మూత కింద పడి దొర్లింది. కల్పలత వంగి తీసి, కడిగి, తల్లి చేతిలో పెట్టింది. అప్పుడు చెప్పింది. ఇంతకాలం ఎవరికీ చెప్పని మాట.

ఆమె అప్పట్లో మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ చేసేది. అమెరికా డాక్టర్లు చెప్పినదంతా హెడ్‌ఫోన్లు చెవులకు పెట్టుకుని విని, రాత్రంతా టైపు కొట్టి, తెల్లారి మెడ నొప్పితో ఇల్లు చేరేది. సూరి రెజిమెంటల్ బజార్లో మందుల హోల్‌సేల్ దుకాణంలో పనిచేసేవాడు. బండి మీంచి పడ్డప్పుడు నడుముకు మొదలైన నొప్పి సూది అతన్ని అప్పటికే వదలడం లేదు. "ఒక్కటి వేసుకో, హాయిగా నిద్దరపోతావు," అని అతనే మొదటిది వేశాడు. కోడలే కొడుక్కి నేర్పిందని లోవమ్మ వీధంతా చెప్పుకుంది. నేర్పింది సూరి. కల్పలత ఆ మాట ఎన్నడూ దిద్దలేదు. మొగుడి పరువు తన పరువే అనుకున్న రోజులవి.

"సూరి మొదలు ఏసుకునేటోడు అమ్మా. సగం. మిగిలిన సగం అదే సూదితోని నాకు. ఇంకో సూది లేక కాదు, ఆయన పనిచేసిందే మందుల దుకాణంల. ఇంకోటి అడుగుదామని నోటిదాకొచ్చేది. మొగని సూది గలీజంటనా అని ఊకున్న. నువ్వు తలె ఏరే అడిగినవా ఎన్నడన్న? నేను సూది ఏరే అడగలే."

"తలెల తింటే ఏమైతది బిడ్డా?"

"తలెల తింటే ఏం గాదు. ఎంగిలితోని ఏం రాదు. సూదిల నెత్తురుంటది. ముందటేసుకున్నోని నెత్తురు ఎనక ఏసుకున్నామెకు పోతది. గంతే తేడా. గా తేడా నాకు రోసమ్మక్క చెప్పేదాక ఎర్క లేదు."

రోసమ్మ రెజిమెంటల్ బజార్లో దర్జీ దుకాణం పైన గది తీసుకుని, సూదులకు అలవాటు పడిన ఆడవాళ్లను కూర్చోబెట్టి చాయ్ పోసేది. కొత్త సూదులిచ్చేది, నిరోధ్ పొట్లాలిచ్చేది, తిట్లు కూడా ధారాళంగా ఇచ్చేది. మొదటిరోజే అడిగింది: "మీ ఇంట్ల ఎవలు ముందటేసుకుంటరే?" గదిలో అందరూ నవ్వారు. ఇదేం ప్రశ్న, మొగుడే గదా! ఒక్క ఆడది కూడా "నేను" అనలేదు. రోసమ్మ నవ్వలేదు. "నేను సుత నవ్విన ఒకప్పుడు," అంది. "గట్లనే నాకు గా నెత్తురు రోగం అంటింది. ఇప్పుడు మందులు మింగుకుంట బతుకుతున్న, మీ అసుంటి పిచ్చిమొకాలకు చాయ్ పోసుకుంట." అప్పుడు ఎవరూ నవ్వలేదు.

"నాకేం లేదని వచ్చింది అమ్మా, మొదటి నెత్తురు పరీక్షల. కాని ఆఖరి సూది అయినంక మూడు నెలలకు మళ్ల చూపించుకోవాలన్నరు. అప్పటిదాక ఖాయం చెప్పరాదన్నరు. నాకుంటే సూరికి ఇయ్యొద్దు. సూరికుంటే నేను తెచ్చుకోవద్దు. సూరి పరీక్షకు రాడు. రమ్మంటే చూద్దాంలే అంటడు. గందుకే ఆ పొట్లం. అనుమానం కాదు. నాకు బతకాలనున్నది, గంతే."

బుచ్చమ్మ క్యాను ఎత్తింది. పాలు గిన్నెలో పోసి పొయ్యి మీద పెట్టింది.

"పొంగనియ్యకు," అంది చివరికి. "జెర చూస్కుంట నిలబడు."

వంటింట్లోంచి బయటికి వచ్చి, లోవమ్మ పళ్లెంలోంచి తీసి కిటికీ మీద పడేసిన పొట్లాన్ని రెండు వేళ్లతో పట్టుకుని, మొహం అటు తిప్పుకుని, మళ్లీ అరటిపళ్ల పక్కన పెట్టింది. అది చూసి కల్పలతకు ఏడుపొచ్చినంత పనైంది.

*

బాల్కనీలో సూరి ఒక్కడే దొరికాడు. కింద రోడ్డు మీద సిటీ బస్సులు హారన్లు కొడుతున్నాయి.

"లతా, ఆ పొట్లం తీసెయ్. నాన్న ముందర బాగోదు."

"నువ్వు పరీక్షకు ఎప్పుడొస్తవ్?"

"మళ్లీ అదే. నామీద అంత అనుమానమా?"

"నీ సూది నా చేతికొచ్చింది సూరీ. నా సూది నీ చేతికి ఎన్నడన్న వచ్చిందా? జెర యాది చేస్కో."

అతను యాది చేసుకోలేదు. బాల్కనీ ఇనుప చువ్వ మీద పెచ్చులూడిన రంగును గోటితో గీకుతూ ఉన్నాడు.

"ఇవాళ నాకు ఒంట్లో బాలేదని అమ్మకి చెప్పేస్తాను," అన్నాడు ఉన్నట్టుండి. "జ్వరమంటాను. ఇదంతా ఆగిపోతుంది."

"ఇయ్యాల జ్వరం. రేపేంది? ఎల్లుండేంది? ఎన్ని జ్వరాలు తెస్తవ్?" కల్పలతకు ఒళ్లు మండిపోయింది. "నీతోని సంసారం చెయ్యనంటున్ననా నేను? మంచిగ చేస్త. నువ్వంటే నాకిప్పటికి పానమే, థూ నా బతుకు! గా పొట్లం ఒక్కటి మద్దెల ఉండాలంటున్న. మీ అమ్మకు నోరు తెరిచి ఒక్క మాట చెప్పరాదా నీకు? మేమిద్దరం మాట్లాడుకున్నం, ఊకో అమ్మా అని?"

సూరి కళ్లలో నీళ్లు తిరిగాయి. అవి చూసి ఒకప్పుడైతే కల్పలత కరిగిపోయేది. ఇవాళ కరగలేదు. పిరికివాడి కన్నీళ్లనుకుంది.

"పీటలేశారు, బేగి రండి!" లోపల్నుంచి లోవమ్మ పిలిచింది.

*

సూరి తండ్రి తాతబ్బాయి రైల్వేలో గుమస్తాగా పదవీ విరమణ చేసిన మనిషి. కోడల్ని ఇంతవరకు ఒక్క పరుషమైన మాట అనలేదు. తువ్వాలు భుజాన వేసుకుని, అక్షింతల గిన్నె ముందు పెట్టుకుని, పెద్దరికంగా కూర్చున్నాడు. పళ్లెంలో పొట్లం కనిపించినా కనిపించనట్టే గోడ మీద క్యాలెండరు చూశాడు.

"అమ్మా కల్పలతా, మీ అత్త కోపం పక్కన పెట్టు. నాది ఒక్కటే కోరిక. ఇదిగో కర్పూరం. ఇంక జన్మలో సూది ముట్టనని దీన్ని ఆర్పి ప్రమాణం చెయ్యి. అయిపోయిందంతా మరిచిపోదాం. మా మనసు కుదుటపడతాది."

కర్పూరం వెలిగింది. అందరూ చూస్తున్నారు. చెయ్యి చాపితే పని అయిపోతుంది. అత్త గొంతు తగ్గుతుంది, తల్లి మొహం తెరిపిన పడుతుంది.

"గా ప్రమాణం చెయ్యలేను మామయ్యా."

"ఓలమ్మో!" అంది లోవమ్మ. "విన్నారా?"

"అబద్ధం ప్రమాణం చెయ్య. ఆస్పత్రి అయినంక, ఈడికి రాకముందు, యాప్రాల్ల అమ్మ కాడ ఉన్నప్పుడు ఒక్కసారి జారిన. అమ్మకు సుత ఎర్క లేదు." బుచ్చమ్మ తల దించుకుంది. కల్పలత ఆగలేదు. "మళ్ల జారనని పానం మీద ఒట్టేసి చెప్పలేను, అది అంత అల్కగ ఇడిచేది కాదు. మానెయ్యాలనే ఉన్న, రోజూ కొట్లాడుతున్న. కాని ఆ ఒక్కసారి సుత కొత్త సూది, నా సూది. గది చెప్పగలుగుత."

"మరేటి ప్రమాణం చేస్తావు?"

"ఇంకొకరి సూది ముట్ట. నా సూది ఇంకొకరికియ్య. పొట్లం లేకుంట పండుకోను. మొగడైనా సరే, ఆ దేవుడే దిగొచ్చినా సరే." కల్పలత చెయ్యి చాపి, కర్పూరం మీద అరచెయ్యి కొట్టి ఆర్పింది. అరచేతికి సురుక్కుమంది. "అయిపోయింది. ఇప్పుడు సూరిని సుత గిదే ప్రమాణం చెయ్యమనుర్రి."

అందరూ సూరి వైపు తిరిగారు. తాతబ్బాయి ఇంకో కర్పూరం బిళ్ల తీసి వెలిగించాడు. సూరి దాన్నే చూస్తూ కూర్చున్నాడు. అది కాలి, కాలి, నల్లటి మరక మిగిల్చి దానంతటదే ఆరిపోయింది.

"వాడెందుకు చెయ్యాలి?" లోవమ్మ లేచింది. "మగోడు. వాడికి ప్రమాణాలేటి? వేళ మించిపోతంది. పాలు తెస్తాను."

తెచ్చింది. వెండి గ్లాసులో, అంచుదాకా, పైన మీగడ తేలుతూ.

ఆ గ్లాసును చూసి కల్పలత లోలోపల నవ్వుకుంది. ఇన్నాళ్లూ ముట్టనివ్వని గ్లాసు ఇవాళ తన నోటి దాకా రాబోతోంది. మనవడి ఆశ ముందు మడీ, మైలా అన్నీ ఎగిరిపోయాయి కాబోలు.

"సగం తాగి దానికియ్యి నాయినా," అంది లోవమ్మ కొడుకుతో.

"తాగు సూరీ," అంది కల్పలత కూడా. "నీ ఎంగిలి నాకేం భయం లేదు. పాలతోని ఏ రోగం రాదు. నేను తాగుత."

సూరి గ్లాసు అందుకున్నాడు. రెండు చుక్కలు తొణికి పంచె మీద పడ్డాయి. సగం తాగాడు. గ్లాసు దించాడు. కల్పలత చెయ్యి చాపింది.

అతను ఇవ్వలేదు.

చాపిన చేతిని చూశాడు. గ్లాసును మళ్లీ నోటికి ఎత్తి, గుటకలు పడుతూ, ఊపిరి తీసుకోకుండా, మిగిలిన సగం కూడా తాగేశాడు. చివరి చుక్క కూడా మిగల్చలేదు. ఖాళీ గ్లాసును రెండు చేతులతో గుండెకు అదుముకుని తల్లి వైపు చూశాడు.

"నా వల్ల కాదమ్మా," అన్నాడు.

కల్పలత చాపిన చెయ్యి అలాగే ఉండిపోయింది. నా వల్ల కాదని తనతో ఎందుకు అనలేదు? తల్లితో ఎందుకన్నాడు? పాలతో ఏమీ కాదని తను ఇప్పుడే చెప్పినా, ఆ సగం తనకు ఇవ్వడానికి ఎందుకంత భయపడ్డాడు?

అత్త మొహంలోకి చూసింది. ఆవిడ చూపు నేల మీద ఉంది.

అప్పుడర్థమైంది. ఆ గ్లాసు, ఆ కంచం, ఆ మరిగే నీళ్లు. తన నుంచి సూరిని కాపాడడానికనుకుని ఇన్నాళ్లూ నోరు మూసుకుని ఊరుకుంది. కాదు. సూరి నుంచి ఇంటిని కాపాడుకోవడానికి. సూరికి ఆ రోగముందని ఈవిడకు తెలుసు. తెలిసే పంతుల్ని పిలిచింది, తెలిసే మంచం వేయించింది, తెలిసే పొట్లాన్ని ఉల్లిపొట్టు కింద దాచింది.

కల్పలత గొంతు తనకే కొత్తగా వినిపించింది.

"అత్తమ్మా, ఈ గ్లాసు బీరువాలకెళ్లి ఎప్పుడు తీసిన్రు?"

లోవమ్మ చాప మీద పడ్డ పువ్వులు ఏరడం మొదలుపెట్టింది.

"ఆస్పత్రికెళ్లి నేనొచ్చేసరికే గూట్ల ఉన్నది. గంతకుముందు మేం రెజిమెంటల్ బజార్ల గదిల ఉన్నం. సూరి ఐతారం ఐతారం తినడానికి ఈడికొచ్చేటోడు. అప్పుడు తీసిన్రా? చెప్పుర్రి."

"గ్లాసు గురించి ఇప్పుడేటమ్మా?" తాతబ్బాయికి ఏమీ అర్థం కాలేదు. పాపం మంచిమనిషి, గొడవ సర్దుదామనుకున్నాడు. "శ్రావణంలో తీసింది. వరలక్ష్మీ వ్రతం మర్నాడే. నాకు బాగా గుర్తు. పండగ పూట అమ్మవారికి పెట్టిన గ్లాసు, వాడికి మొక్కని ఇచ్చీసింది. నేనే అడిగాను, ఏటే ఇంత ఆదరం అని."

శ్రావణం.

ఇద్దరూ పంచుకున్న ఆఖరి సూది ఆ తర్వాత, వినాయక నిమజ్జనం నాడు. రెజిమెంటల్ బజార్ గదిలో. కింద లారీల మీద డప్పులు కొడుతున్నారు. సూరి తను వేసుకున్నాడు. మిగిలిన సగం ఆమె చేతికిచ్చి, "నెమ్మది, గుచ్చుకుంటుంది," అని కూడా అన్నాడు. ఎంత ప్రేమగా అన్నాడు! ఆ ప్రేమను తలుచుకుని ఆస్పత్రి మంచం మీద ఎన్నిసార్లు ఏడ్చింది!

కల్పలత సూరి ముందు గొంతుక్కూర్చుంది. అరవలేదు.

"గ్లాసు ఏరే పెట్టుమని మీ అమ్మకు చెప్పినవ్," అంది. "సూది మాత్రం నాకు నీదే ఇచ్చినవ్."

బుచ్చమ్మ నెమ్మదిగా గోడకు ఆనుకుని కూలబడింది. వంటింట్లో పాల గిన్నె మీద మూత టక్కుమని కదిలింది.

కల్పలత అతని చేతుల్లోంచి వెండి గ్లాసు లాక్కుంది. వంటింట్లోకి వెళ్లి, కడగకుండానే, మిగిలిన పాలు అందులో పోసుకుంది. తిరిగి గుమ్మంలోకి వచ్చి, అందరూ చూస్తుండగా, నిలబడి, ఆఖరి చుక్కదాకా తాగింది. తల్లి బర్రె పాలు, చిన్నప్పటి రుచి. తరువాత గ్లాసును గూట్లో పెట్టలేదు. ఇంట్లో అందరూ తాగే స్టీలు గ్లాసుల మధ్య పెట్టేసింది.

"గా రోగం గిట్ల రాదు అత్తమ్మా. గీ గ్లాసు అందరి గ్లాసులల్లనే ఉండనీయుర్రి. కొడుకును ముట్టుకోర్రి, కంచం కలుపుర్రి, పక్కన పండబెట్టుకోర్రి, ఏం గాదు. ఎట్ల వస్తదో గది మాత్రం నాకు చెప్పకుంట దాచిన్రు."

పళ్లెంలోంచి పొట్లం తీసి జాకెట్లో పెట్టుకుంది. తల్లికి చెయ్యి అందించి లేపింది. చెప్పులు వేసుకుంది. రెండో పరీక్ష ఇంకా ముందుంది. అందులో ఏం వస్తుందో దేవుడికెరుక. కానీ ఆ పరీక్షకు ఈ ఇంటి నుంచి మాత్రం వెళ్లదు.

"లతా!" సూరి పీట మీంచి లేచి పరుగున వచ్చాడు. "నేనూ వస్తాను. పరీక్షకీ వస్తాను, ఎక్కడికంటే అక్కడికి వస్తాను. మందులుంటాయంట కదా. నన్నొదిలెయ్యకు!"

లోవమ్మ అడ్డం వచ్చి గుమ్మానికి రెండు చేతులూ చాపింది. "నువ్వు ఎక్కడికీ వెళ్లవు!" అంది కొడుకుతో. కోడలి వైపు తిరిగి, "వాడెక్కడికీ రాడు!"

కల్పలత గడప అవతల ఆగింది. వెనక్కి తిరిగి, అత్త భుజం మీదుగా, సూరి కళ్లలోకి చూసింది. ఇందాక పిరికి కన్నీళ్లనుకుంది. ఇప్పుడవి ఏ కన్నీళ్లో ఆమెకే తెలియలేదు.

"వస్తవో రావో తర్వాత మాట," అంది. "మొదలు మీ నాయనకు చెప్పు. నా ముందట చెప్పు."

తాతబ్బాయి పీట పక్కన లేచి నిలబడ్డాడు. కొడుకు నెత్తిన వెయ్యాలని పిడికిట్లో పట్టుకున్న అక్షింతలు అలాగే ఉన్నాయి. పెళ్లాం మొహం చూశాడు, కొడుకు మొహం చూశాడు.

"నాకేటి సెప్పాలిరా, సూరీ?" అన్నాడు.